పదకొండో మైలు, నలభై ఆరో స్లీపర్

మొయినాబాద్,
12 ఫిబ్రవరి 2006.

నాగ్‌పూర్‌లోని ఆశక్కకు, తమ్ముడు ఎలీషా వందనాలతో రాస్తున్నది.

ప్రభువు దయవల్ల ఇక్కడ నేను, నిర్మల, వెన్నెల కుశలం. నీ మోకాళ్లు తప్ప అక్కడ అంతా క్షేమమని రాశావు. ఆ మోకాళ్లు కూడా క్షేమం లెక్కలో చేరాలని కోరుకుంటున్నాం.

నీ ఉత్తరం వచ్చి ఇరవై నాలుగు రోజులైంది. జవాబుకు ఇంత ఆలస్యం నేనెప్పుడూ చేయలేదు. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అని నిర్మల అంది. ఫోన్‌లో నీకు సగం వినిపిస్తుంది, తక్కిన సగం నువ్వే అల్లుకుంటావు. ఈ సంగతి సగం వినాల్సింది కాదు. పైగా నా అరికాళ్ల బొబ్బలు ఇంకా మానలేదు. ఇప్పుడు నాకు చేతనైంది కూర్చుని రాయడమే.

ముందు నువ్వు అడిగినవి. నిర్మలకు షుగర్ మందులతో అదుపులో ఉంది. దవాఖానకు నెలకోసారి వెళ్తున్నాం. వెన్నెల మాదాపూర్‌లో ఆ కాల్ సెంటర్ పనే చేస్తోంది. మేం లేచేసరికి తను పడుకుంటుంది, తను లేచేసరికి నేను విలేకరుల గదిలో ఉంటాను. ఒకే ఇంట్లో ఉంటూ చీటీలు రాసుకుంటున్నాం. నా ఉద్యోగం వచ్చే జూన్‌తో ముగుస్తుంది. ముప్పై ఒక్కేళ్లు. అలసిపోయాను, అక్కా. పేజీలో సగం వెంచర్ల ప్రకటనలు పోగా మిగిలిన చోట ఏం రాయాలో రోజూ వెతుక్కోవాల్సి వస్తోంది.

బాపుతో రైలు కట్ట మీద పనిచేసిన బుచ్చన్న ఉన్నాడా అని అడిగావు. ఉన్నాడు. అరవై తొమ్మిదేళ్లు. బీడీ మానేశానని చెప్తాడు, జేబులో అగ్గిపెట్టె ఉంటుంది. అతని గురించి కింద రాస్తాను.

ఇక నీ చివరి ప్రశ్న. "ఈస్టర్ లోపల అమ్మకు రాయి నిలబెట్టు, ఫొటో తీసి పంపు" అన్నావు. రాతి మీద ఏం చెక్కాలో కూడా రాసి పంపావు. 'పెంటమ్మ, స్వామిదాసు భార్య, మరణం 1954.' నీ ఉత్తరం చదివాక ఆ ఒక్క వాక్యం కోసం రెండు రోజులు నడిచాను.

అమ్మ గురించి నాకు తెలిసినంత వరుసగా రాస్తాను. నాకప్పుడు మూడేళ్లు కాబట్టి ఇదంతా నీ నోట విన్నదే. తప్పుంటే దిద్దు.

శంకర్‌పల్లి స్టేషన్ నుంచి చేవెళ్ల పక్కగా మొయినాబాద్ వైపు రాళ్ల క్వారీ దాకా పంతొమ్మిది మైళ్ల రైలు కట్ట ఉండేది. బాపు ఆ లైను మీద కీమ్యాన్. తొమ్మిదో మైలు నుంచి పదమూడో మైలు దాకా రోజూ సుత్తె పట్టుకుని నడవడం, వదులైన చోట బిగించడం అతని పని. పదకొండో మైలు దగ్గర పట్టాల కూలీల గ్యాంగ్ గుడిసెలో మన కాపురం. వానాకాలంలో అమ్మ జ్వరంతో పోయింది. వాగు పొంగి ఉంది. శంకర్‌పల్లి చర్చి సమాధులదాకా మోసుకెళ్లే వీలు లేక బాపు కట్ట పక్కనే పూడ్చాడు. రైల్వే భూమిలో పూడ్చకూడదు కాబట్టి సిలువ పెట్టలేదు, మట్టి కుప్ప కూడా ఉంచలేదు. తల దగ్గర ఒక పట్టాల మేకు నేలకు సమంగా దిగగొట్టాడు. నిన్నూ నన్నూ నిలబెట్టి చిరునామా చెప్పాడు. పదకొండో మైలురాయి దాటాక నలభై ఆరో స్లీపర్, కుడి పక్క నాలుగడుగులు. నువ్వు నాకు దాన్ని బైబిలు వాక్యంలా వల్లె వేయించావు. పదకొండు, నలభై ఆరు.

తర్వాత లైను మూసేశారు, పట్టాలు ఎత్తుకెళ్లారు. పట్టాల కింది చెక్క స్లీపర్లు ఊళ్లలో గడపలయ్యాయి. కట్ట మిగిలింది. జనం దాన్ని పట్టాల బాట అన్నారు. మైలురాళ్లు ఉన్నంతకాలం నేను ఏటా ఈస్టర్ ముందు వెళ్లి, పదకొండో రాయి దగ్గర్నుంచి నలభై ఆరు అడుగులు వేసి పూలు పెట్టేవాణ్ణి. ఇప్పుడు ఆ రాళ్లు లేవు. ఎందుకు లేవో తర్వాత రాస్తాను.

రాళ్లు లేకపోతే మోరీలను బట్టి పోవాలని బుచ్చన్న చెప్పాడు. నీళ్లు పోవడానికి కట్ట కింద కట్టిన రాతి మోరీలు. బాపు గ్యాంగులో పనిచేసినవాళ్లకు మోరీల వరుస నోటికి వచ్చు. ముప్పై ఒకటో మోరీ సరిగ్గా పదిన్నర మైళ్ల దగ్గర ఉంటుంది. కానీ మోరీల మీద అంకెలు చెరిగిపోయాయి, కొన్ని మోరీలే లేవు. ఏది ముప్పై ఒకటో తెలియాలంటే శంకర్‌పల్లి నుంచి ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ రావాలి. అందుకని సెలవు పెట్టి, ఈ నెల రెండో తారీఖున స్టేషన్ వెనక టీ తాగి బయల్దేరాను.

మొదటి రోజు ఏడు మైళ్లు. టమాట, క్యాబేజీ తోటల మధ్య కట్ట బాగానే ఉంది. నాలుగో మైలు దాటాక లేఅవుట్ కోసం కట్టను అడ్డంగా కోసి మట్టి తీసుకెళ్లారు. ఆ మట్టిలో ఏ మోరీ పోయిందో అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. ముడిమ్యాల పొలాల్లో అంతమ్మ అనే ఆమె కట్ట మీద మిరపకాయలు ఆరబోసుకుంటోంది. నా చేతిలో నోట్‌బుక్ చూసి లేచింది.

"సర్వేకొచ్చినవా సారూ? రింగురోడ్డు గీ దిక్కే వస్తదా?"

"సర్వేవాణ్ణి కాదమ్మా."

"మరి బుక్కుల ఏం రాస్తున్నవ్? మా చెలక పోతదా, ఉంటదా, ముందుగాల గది చెప్పు."

"మా అమ్మ గోరి వెతుకుతున్న. మోరీలు లెక్కపెడుతున్న."

ఆమె నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. "పోయినేడు వచ్చినోడు పావురాలు లెక్కపెడుతున్న అన్నడు. ఆర్నెల్లకు మా మరిది చెలకల జెండాలు పాతిన్రు. లెక్కపెట్టుకో నాయినా, మా మిరపకాయల మీద మాత్రం అడుగేయకు."

అయినా చెంబుతో నీళ్లిచ్చింది. మోరీ సంగతి కూడా ఆమే చెప్పింది. వాళ్ల బర్రె దూడ ఇరుక్కుపోయిన మోరీ అట. ఇరవై రెండోది. రాసుకున్నాను.

రెండో రోజు బుచ్చన్న ఇరవై ఎనిమిదో మోరీ దగ్గర కలిశాడు. మనవడి స్కూటర్ మీద వచ్చి దిగాడు. నా నడక చూసి నవ్వాడు.

"ఏంది తమ్మీ, కాళ్లు గట్ల ఈడుస్తున్నవ్? మీ బాపు దినాం ఎనిమిది మైళ్లు నడిచి, వచ్చినంక కట్టెలు గొడుతుండె."

"బాపుకు టేబుల్ ముందు కూసునే నౌకరీ కాదు కదా, బుచ్చన్నా."

"గందుకే అంటున్న. పేపరోళ్లు అన్ని ఊర్ల సంగతి రాస్తరు, ఒక్క ఊరి దాకా నడవరు."

ముప్పై ఒకటో మోరీ దొరికింది. సగం మట్టిలో ఉంది. అక్కడి నుంచి లెక్క సులువు. స్లీపర్‌కూ స్లీపర్‌కూ మధ్య రెండున్నర అడుగులు. అర మైలుకు వెయ్యిన్నీ యాభై ఆరు స్లీపర్లు. దానికి నలభై ఆరు కలిపితే వెయ్యిన్నీ నూట రెండు. నేను టేపు తీశాను. బుచ్చన్న టేపును నమ్మలేదు, తన అడుగులు తాను లెక్కపెట్టాడు. ఇరవై ఏళ్ల వయసులో గ్యాంగులో చేరిన మనిషి. ఇప్పటికీ అతని అడుగు స్లీపర్ నుంచి స్లీపర్‌కు పడుతున్నట్టే పడుతుంది. వంద కాగానే ఒక కంకర రాయి ఈ జేబులోంచి ఆ జేబులో వేసుకున్నాడు.

నా అడుగు ఇంట్లో కొలుచుకున్నాను. ఇరవై ఏడు అంగుళాలు. బాపుది ముప్పై. అంటే నలభై ఆరు అడుగులకు పదకొండున్నర అడుగుల తేడా. రాళ్లు ఉన్న రోజుల్లో కూడా నేను పెట్టిన పూలు అమ్మ మీద పడలేదక్కా. పదకొండున్నర అడుగులు ఇవతల పడ్డాయి.

దారిలో బుచ్చన్న ఒక మాట చెప్పాడు. అప్పుడు దానికి విలువ ఇవ్వలేదు, అలవాటుకొద్దీ రాసుకున్నాను. "మీ బాపు పదకొండో రాయి దాటినంక ఒక్కకాడ ఆగుతుండె. పట్టా మీద సుత్తెతోని రెండు దెబ్బలు. గంతే. మల్ల నడుస్తుండె. ఎప్పటికీ రెండే. ఒగనాడు అడిగిన, పట్టా మంచిగనే ఉన్నది గదన్నా, ఎందుకు కొడుతున్నవ్ అని. నీ పని నువ్వు చూస్కోరా అన్నడు."

బాట ఒక వెంచర్ గేటులోకి పోయింది. కట్టను చదును చేసి ముప్పై అడుగుల రోడ్డు వేశారు. రైలు భూమి ఏ కాగితంతో వాళ్లదైందో అది వేరే వార్త. గేటుకు రెండు పక్కలా మైలురాళ్లు వరుసగా పాతి ఉన్నాయి. మొత్తం పదిహేడు. తెల్ల రంగు, బంగారు రంగు అంకెలు. మూడు పక్కన పదకొండు, దాని పక్కన ఏడు.

బుచ్చన్న పదకొండు మీద చెయ్యి పెట్టాడు. "గీ రాళ్లు గీడికెట్ల వచ్చినయ్, తమ్మీ?"

నేను టేపు సర్దుకుంటూ గేటు దాటాను. జవాబు నీకు చెప్తున్నాను.

ఆ రాళ్లను అక్కడికి చేర్చింది నేను రాసిన వార్త. 2001 నవంబర్‌లో ఆదివారం పేజీకి పట్టాల బాట మీద అర పేజీ రాశాను. పంతొమ్మిది రాళ్లలో పదిహేడు మిగిలాయని, వాటిని కాపాడాలని. ఏ రాయి ఎక్కడుందో, ఏ చెలక పక్కనో, ఏ మోరీ ముందో పట్టిక కట్టి ఇచ్చాను. నా వివరాల్లో ఒక్క తప్పు కూడా లేదు. అందుకే నాలుగు వారాల్లో పదిహేడూ వాళ్లకు దొరికాయి. ట్రాక్టర్ తోలి ఎత్తుకొచ్చారు. 'పాతను కాపాడుతున్న వెంచర్' అని గేటు ప్రారంభానికి నన్ను పిలిచారు. అక్కడ పదకొండో రాయిని చూశాను. చూశాక కూడా కుర్చీలో కూర్చున్నాను. శాలువా కప్పారు. కప్పించుకున్నాను. ఆ వారం ఇంకో పేపర్‌లో ఫొటో కూడా వచ్చింది, నిర్మల దాచింది.

ఆ శాలువా ఇంట్లో ఉంచుకోలేక నీకు పార్సెల్ చేశాను. ఈ చలికి నువ్వు పంపిన శాలువానే నన్ను కాపాడిందని మొన్నటి ఉత్తరంలో రాశావు.

ఇంకొకటి ఉంది. 2002 నుంచి 2005 దాకా ఏటా ఈస్టర్‌కు నీకు ఉత్తరం రాశాను. అమ్మ దగ్గరికి వెళ్లాను, గడ్డి తీశాను, పూలు పెట్టాను అని. నాలుగు ఉత్తరాలు. వెళ్లలేదు. రెండుసార్లు గేటు దాకా పోయి వెనక్కి వచ్చాను. ఒకసారి పూలు కొని బస్టాండ్‌లోనే వదిలేశాను. ఒక ఏడు అదీ లేదు, టేబుల్ దగ్గర కూర్చుని రాసేశాను. ముప్పై ఒక్కేళ్లలో చూడనిది చూసినట్టు రాసింది ఆ నాలుగుసార్లే, అదీ నీకే. నువ్వు ఫొటో అడగకపోతే ఐదోసారి కూడా రాసేవాణ్ణి. క్షమించమని అడగను. ముందు నువ్వు ఇది పూర్తిగా చదువు.

నా టేపు, బుచ్చన్న అడుగులు పదహారు అడుగుల తేడాతో ఒక ప్లాటులో ఆగాయి. నంబర్ ఎనభై ఎనిమిది. ఇంకా ఇల్లు లేదు, ముగ్గు పోసి ఉంది. జేసీబీ పైమట్టి గీకేసింది. వెంచర్‌లో కాపలా ఉండే బీరమ్మ వచ్చింది. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం తాడుకు కట్టుకుని తిరుగుతుంది. కట్టడాల దగ్గర మేకులు ఏరుకుంటుంది. ఎందుకొచ్చామో బుచ్చన్న చెప్పాడు.

"ఇనుమా? గీ వరుసల బొచ్చెడున్నది. నేను ముట్టలే, పట్టాల మేకు బరువు, నాకు నడుము నొప్పి." అయస్కాంతం నేల మీద ఈడ్చింది. తాడు బిగిసిన చోటల్లా కొడవలితో గీసింది. "అయ్యా, నీ తల్లిది ఏ మేకో నాకెట్ల ఎరుక? అన్నీ ఒక్కతీరే ఉన్నయ్."

ఆరు దొరికాయి. నాలుగు అడ్డంగా పడి ఉన్నాయి. పట్టాలు ఎత్తేటప్పుడు జారిపడినవి అవి. రెండు మాత్రం నిలువుగా, తల దాకా దిగగొట్టి ఉన్నాయి. ఆ రెండింటి మధ్య రెండడుగుల ఎడం.

బీరమ్మ రెండింటి మధ్య జానతో కొలిచింది. నా వైపు చూడలేదు. బుచ్చన్నతో అంది, "పెద్దమనిషి పక్కన పెద్దమనిషిని పండబెట్టే జాగ కాదన్నా ఇది."

బుచ్చన్న పక్కకు పోయి అగ్గిపెట్టె తీశాడు.

ప్లాటు యజమాని జితేందర్‌కు బీరమ్మ ఫోన్ చేస్తే గంటలో బండి మీద వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ల పిల్లవాడు, సాఫ్ట్‌వేర్, మెడలో కంపెనీ కార్డు ఇంకా ఉంది. చెప్పిందంతా నిలబడే విన్నాడు.

"అంకుల్, పేపర్ల రాస్తరా?"

"రాయను."

"మా అమ్మకు తెలిస్తే ప్లాటు అమ్మెయ్యమంటది. లోన్ తీస్కున్న. జర సమజ్ చేస్కోండ్రి."

"రాయనని చెప్పిన కదా బాబూ."

ఆ రెండు మేకుల దగ్గర వంగి చూశాడు. తర్వాత, "పునాదికి మార్చి పదో తారీఖు ముహూర్తం పెట్టిన్రు. గంతకంటె నాతోని కాదు. అప్పటి దాక ఎవ్వరినీ ముట్టనియ్య" అన్నాడు. బీరమ్మతో చెప్పి మేకుల చుట్టూ సున్నం పోయించాడు. వెళ్లేటప్పుడు చెప్పులు విప్పాడు, మళ్లీ ఏమనుకున్నాడో తొడుక్కుని వెళ్లిపోయాడు.

శంకర్‌పల్లి పాస్టర్‌తో మాట్లాడాను. బాపు సమాధి పక్కన చోటు ఉంది. ఏమి మిగిలి ఉంటే అది తీసి అక్కడ పెడదామన్నాడు. పెట్టె ఎంతది చేయించాలి అని అడిగాడు. ఎందరికి అని అడిగినట్టే. తెలియదన్నాను.

అమ్మ జ్వరంతో పోయిందని నువ్వు చెప్పావు. నేను రెండో ప్రశ్న అడగలేదు. కలెక్టర్లను, ఎస్సైలను, బావిలో పడ్డవాళ్ల చుట్టాలను, అందరినీ రెండో ప్రశ్న అడిగినవాణ్ణి, నిన్ను అడగలేదు. నువ్వు పెద్దదానివి, నువ్వు చెప్పిందే సంగతి అనుకున్నాను. ఇప్పుడు నా దగ్గర ఉన్నవి ఇవి: నిలువుగా దిగిన రెండు మేకులు, వాటి మధ్య రెండడుగులు, బాపు రోజూ కొట్టిన రెండు దెబ్బలు. ఇంతకు మించి నాకు తెలియదు. ఊహించి రాయను.

ఆ రోజు అక్కడ ఉండి, గుర్తుంచుకునే వయసున్నవాళ్లలో ఇప్పుడు బతికి ఉన్నది నువ్వొక్కదానివే. పదకొండేళ్ల పిల్లవు. బాపు చెప్పొద్దన్నాడో, నువ్వే నాకు చెప్పడమెందుకని అనుకున్నావో. కోపం లేదు. చెప్పకుండా ఉండటం ఎట్లాంటిదో నాలుగేళ్లుగా నాకూ తెలుసు. నువ్వు యాభై రెండేళ్లు మోశావు.

రాతిపని ఆపించాను. అమ్మ పేరు వరకు చెక్కాడు, దాని కింద ఖాళీ ఉంది. అమ్మ పక్కన ఉన్నది బిడ్డేనా? తమ్ముడా, చెల్లెలా? పేరు పెట్టేంత సేపు బతికిందా? పెడితే ఆ పేరు రాసి పంపు. పెట్టకపోతే ఏం చెక్కాలో నువ్వే చెప్పు. ఉత్తరం ఐదు రోజులు పడుతుంది. పదో తారీఖుకు ముందు నాకు అందాలి. రాయడం కష్టమైతే ఒక్క మాట రాయి, నేనే రైలెక్కి వస్తాను.

శాలువా ఏం చేస్తావో నీ ఇష్టం. చలి ఇంకా ఉందంటున్నారు, కప్పుకో.

ఇట్లు,
నీకు ఒక్కణ్ణే తమ్ముణ్ణని ఇన్నాళ్లూ అనుకున్న
ఎలీషా